రాయబారి ఏం చేయగలరు, ఏం చేయలేరు: తిక్కన కాలం నుంచి కువైట్ ఔట్‌పాస్ దాకా

నెల్లూరు జిల్లా ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు పల్లెల్లోనూ, అటు కనిగిరి చుట్టుపక్కలా గల్ఫ్‌లో పనిచేస్తున్న మనిషి ఉన్న ఇళ్లు తరచూ కనిపిస్తాయి. అక్కడ కష్టం వచ్చిందని ఫోను రాగానే ఇక్కడ అందరి నోటా వచ్చే మాట ‘ఎంబసీకి చెప్పండి’. నెల గడిచాక ‘ఎంబసీ వాళ్లు పట్టించుకోలేదు’ అంటారు. కొన్నిసార్లు ఆ నింద నిజమే. చాలాసార్లు మాత్రం ఎంబసీ చేతిలో లేని పని అడగడమో, చేతిలో ఉన్న పనికి కావాల్సిన కాగితం ఇవ్వకపోవడమో జరుగుతుంది. రాయబారి అంటే అక్కడ మనవాళ్లకు కలెక్టరు లాంటివారని చాలామంది అనుకుంటారు. కలెక్టరు ఉత్తర్వు ఇస్తారు. రాయబారి అడుగుతారు, అంతే. పరాయి గడ్డ మీద ఆయనకు మర్యాద చాలా ఎక్కువ, ఉత్తర్వు ఇచ్చే అధికారం మాత్రం లేదు. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతా చిక్కులన్నీ విడిపోతాయి.

ఈ తేడా కొత్తగా వచ్చింది కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి తన దాయాదులు అక్కన, బయ్యనల చేతిలో రాజ్యం పోగొట్టుకున్నాడు. అప్పుడు ఆయన మంత్రి తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుణ్ణి సాయం అడిగాడని, గణపతిదేవుడు కదిలి మనుమసిద్ధిని తిరిగి గద్దె మీద కూర్చోబెట్టాడని మన సాహిత్య చరిత్ర చెబుతుంది. మహాభారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేసిన మనిషి, అందులో శ్రీకృష్ణుడి రాయబారం అంతటి పట్టుతో నడిపించిన మనిషి, రాజసభలో పని సాధించుకురావడం అంటే ఏమిటో తెలిసినవాడు. ఓరుగల్లులో ఆయన వెనక సైన్యం లేదు. ఎదుటి రాజుకు ఇందులో ఏం లాభమో చెప్పి ఒప్పించడం ఒక్కటే ఆయన చేయగలిగింది.

అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. నిన్నమొన్నటి దాకా ప్రకాశంలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన ఊరది. అంతకుముందు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఇకమీదట సరుకు మీద ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప మరేదీ తీసుకోమని, దేశాంతరం నుంచి వచ్చిన వర్తకులు భయపడనక్కర్లేదని ఆ శాసనం మాట ఇచ్చింది.

రాజు తరఫున ఇంకో రాజుతో మాట్లాడటం ఒక అవసరం. పరాయి రేవులో దిగిన మామూలు మనిషికీ అతని సరుకుకీ రక్షణ ఉండటం ఇంకొక అవసరం. ప్రపంచంలో ఎక్కడ చూసినా మొదటి అవసరం నుంచి రాయబారి పుట్టాడు, రెండో అవసరం నుంచి కాన్సుల్ పుట్టాడు. ఈనాటికీ ఇవి రెండు వేర్వేరు ఉద్యోగాలు, వాటికి రెండు వేర్వేరు ఒప్పందాలు. దౌత్య సంబంధాల మీద వియన్నా ఒప్పందం 1961లో కుదిరింది, కాన్సులర్ సంబంధాల మీద 1963లో. జీతం ఎగ్గొట్టారనో, మనిషి జైల్లో ఉన్నాడనో మనం ఎంబసీకి వెళితే అది కాన్సులర్ పని. రెండూ ఒకే భవనంలో, ఒకే రాయబారి కింద నడుస్తాయి కాబట్టి మనకు కలగలిసి కనిపిస్తాయి.

దూత స్వేచ్ఛ ఎంత అన్నది కూడా పాత ప్రశ్నే. కౌటిల్యుడు దూతల్ని మూడు తరగతులు చేశాడు. పూర్తి అధికారంతో బేరం కుదుర్చుకురాగలవాడు నిసృష్టార్థుడు. ఇచ్చిన పని మేరకే మాట్లాడేవాడు పరిమితార్థుడు. ఉత్తరం అందించి జవాబు తెచ్చేవాడు శాసనహరుడు. ఇటలీ నగర రాజ్యాలు 15వ శతాబ్దంలో పరాయి కొలువుల్లో శాశ్వతంగా రాయబారుల్ని ఉంచడం మొదలుపెట్టినప్పుడు, ఒక్క ఉత్తరానికి జవాబు రావడానికి వారాలు పట్టేది. అంతవరకు ఆగలేక రాయబారి సొంత బుద్ధితో నిర్ణయం తీసుకోక తప్పేది కాదు. టెలిగ్రాఫ్ వచ్చాక ఆ అవసరం పోయింది. ఇప్పుడు ఢిల్లీ నుంచి నిమిషంలో ఆదేశం వస్తుంది, ప్రధానులే నేరుగా ఫోనులో మాట్లాడుకుంటారు. ఈనాటి రాయబారి చాలావరకు పరిమితార్థుడే.

అలాగని ఆ పదవి ఉత్త అలంకారం కాదు. 1950 అక్టోబరు మొదట్లో బీజింగ్‌లో మన రాయబారి కె.ఎం.పణిక్కర్‌ను చైనా ప్రధాని చౌ ఎన్ లై అర్ధరాత్రి పిలిపించి, అమెరికా సేనలు ఉత్తర, దక్షిణ కొరియాలను విడదీసే 38వ అక్షాంశం దాటితే చైనా చూస్తూ ఊరుకోదని చెప్పాడు. చైనాలో అమెరికాకు అప్పుడు రాయబారి లేడు. కబురు పణిక్కర్ నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి లండన్‌కూ వాషింగ్టన్‌కూ చేరింది. వాషింగ్టన్ నమ్మలేదు. ఆ నెలలోనే చైనా సేనలు యాలూ నది దాటి కొరియాలోకి దిగాయి. రాయబారి ఉన్నదే ఇందుకు: విన్నది విన్నట్టు, వన్నె చిన్నె లేకుండా, వేళకు చేరవేయడం. నమ్మడం నమ్మకపోవడం పైవాళ్ల పని.

తలుపు తెరిపించడం ఇంకో పని. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఊరి పేరే ఇంటిపేరైన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949లో మాస్కోకు భారత రాయబారిగా వెళ్లారు. ఆయన విదేశాంగ సర్వీసు అధికారి కాదు, తత్వశాస్త్ర ఆచార్యులు. ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్‌ను కలిసే అవకాశమే రాలేదు. రాధాకృష్ణన్‌ను స్టాలిన్ 1950 జనవరిలో ఒకసారి, 1952లో ఆయన తిరిగి వచ్చే ముందు మరోసారి కలిశాడు. స్వతంత్ర భారతాన్ని బ్రిటన్ నీడగా చూసిన మాస్కో వైఖరి మెత్తబడటం ఆ ఏళ్లలోనే మొదలైంది. ఒక్క రాయబారి వల్లే అంతా మారిందనడం అతి. కానీ పై మనిషిని కలవగలగడం ఎంత విలువైనదో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ఎవరు ఎవరు?

రాయబారిని మన ప్రభుత్వం ఎంపిక చేస్తే సరిపోదు. ముందు ఆ పేరును అవతలి దేశానికి గుట్టుగా పంపి ఒప్పుకోలు తీసుకోవాలి. వద్దనడానికి వాళ్లు కారణం చెప్పనక్కర్లేదు. అందుకే ఒప్పుకోలు వచ్చేదాకా పేరు బయటపెట్టరు. ఒప్పుకున్నాక మన రాష్ట్రపతి సంతకంతో ఒక పరిచయ పత్రం వెళ్తుంది. కువైట్‌లో అయితే అక్కడి అమీర్‌కు రాయబారి దాన్ని స్వయంగా అందజేస్తారు. ఏ రాయబారి సీనియర్ అన్నది దేశం సైజును బట్టి ఉండదు, హోదా చేపట్టిన తేదీని బట్టి ఉంటుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, 1661లో లండన్ నడివీధిలో స్పెయిన్, ఫ్రాన్స్ రాయబారుల బండ్లలో ఏది ముందు పోవాలన్న గొడవలో మనుషులు చచ్చారు. 1815 నాటి వియన్నా సమావేశం తేదీ పద్ధతి పెట్టాక ఆ తగవు తెగింది.

కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారిని హైకమిషనర్ అంటారు, కార్యాలయాన్ని హైకమిషన్ అంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేసియా, శ్రీలంకల్లో మనకు ఉన్నవి అవే. హోదాలో తేడా లేదు. ఎంబసీనైనా హైకమిషన్‌నైనా మిషన్ అంటారు. రాయబారి లేనప్పుడు మిషన్‌ను నడిపే అధికారి ఛార్జ్ డి అఫైర్స్. రెండు దేశాలకు చెడినప్పుడు ఈ స్థాయికి దించుతారు. 2019 ఆగస్టు తర్వాత భారత్, పాకిస్తాన్‌ల మధ్య హైకమిషనర్లు లేనిది అందుకే.

కాన్సులేట్ ఇంకో సంగతి. ఎంబసీ దేశానికి ఒకటే, రాజధానిలో ఉంటుంది. కాన్సులేట్లు పెద్ద నగరాల్లో ఎన్నైనా ఉండొచ్చు, ఒక్కోదానికి కొన్ని రాష్ట్రాలు పంచి ఇస్తారు. టెక్సాస్‌లో చదువుతున్న మన పిల్లవాడి పాస్‌పోర్టు పోతే వాషింగ్టన్ ఎంబసీకి రాసి లాభం లేదు, హ్యూస్టన్ కాన్సులేట్‌కు వెళ్లాలి. తప్పు చోటికి రాసిన అర్జీ సరైన చోటికి చేరడానికే రోజులు పోతాయి.

ఎంబసీ గోడ లోపల ఏముంది?

ఎంబసీ స్థలం మన దేశపు భూమి అని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. భూమి ఆతిథ్య దేశానిదే, చట్టమూ వాళ్లదే. అయితే 1961 ఒప్పందం 22వ అధికరణ ప్రకారం మిషన్ అధిపతి అనుమతి లేకుండా అక్కడి పోలీసులు లోపలికి రాకూడదు. 29వ అధికరణ ప్రకారం దౌత్యాధికారిని అరెస్టు చేయకూడదు. లంకలో హనుమంతుణ్ణి చంపబోతే దూతను చంపకూడదని విభీషణుడు అడ్డుపడిన ధర్మమే ఇది, రాతపూర్వకంగా మారింది. దీనికి బదులుగా 41వ అధికరణ రాయబారి చేతులు కడుతుంది: స్థానిక చట్టాల్ని గౌరవించాలి, ఆ దేశ అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకూడదు. నచ్చకపోతే 9వ అధికరణ కింద ఏ కారణమూ చెప్పకుండా వెనక్కి పంపేయొచ్చు.

కాన్సులేట్ అధికారులకు ఇంత రక్షణ లేదు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనులకే వాళ్లకు మినహాయింపు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ను ఇంటి పనిమనిషి వీసా, జీతాల కేసులో అరెస్టు చేయగలిగింది అందుకే. తర్వాత ఆమెను ఐక్యరాజ్యసమితిలోని మన మిషన్‌కు మార్చి పూర్తి రక్షణ తెప్పించారు.

మామూలు మనిషికి దీనివల్ల తెలియాల్సింది ఒకటుంది. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఇంటి నుంచి బయటపడి ఎంబసీ గేటు లోపలికి వచ్చిన మనిషి జోలికి లోపలున్నంతసేపు పోలీసులు రారు. కానీ దేశం దాటాలంటే మళ్లీ ఆ దేశపు విమానాశ్రయం, ఆ దేశపు స్టాంపు, ఆ దేశపు కంప్యూటర్‌లో ఆ పేరు మీద ఉన్న కేసు అన్నీ దాటాలి. అక్కడ రాయబారి చేయగలిగింది అడగడమే.

వ్యాపారంలోనూ అంతే. నెల్లూరు చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్యకు అమెరికా పెద్ద మార్కెట్. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు దాన్ని రద్దు చేయించడం వాషింగ్టన్‌లోని మన రాయబారి చేతిలో లేదు. బేరసారాలు వాణిజ్య శాఖవి. 2016లో ఐరోపా కూటమి మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం నమూనాల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచినప్పుడు కూడా మన మిషన్ ఆగిన కంటెయినర్‌ను విడిపించలేదు. ఏ నిబంధన ఎప్పుడు మారబోతోందో ముందుగా పసిగట్టి ఢిల్లీకి చెప్పడం, మన ప్లాంట్ల సమాచారం అవతలి అధికారుల బల్ల మీద పెట్టించడం మిషన్ పని. చెరువు గట్టున వాడిన మందును ఏ రాయబారీ కడగలేరు.

కువైట్‌లో పని ఎలా నడుస్తుంది

కువైట్‌తో మనది పాత బంధం. 1961 దాకా అక్కడ చెల్లిన డబ్బు రూపాయే. అక్కడి బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ ఒకప్పుడు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కింద పనిచేసినవాడే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు దాదాపు లక్షా 70 వేల మందిని, ఎక్కువగా జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా, విమానాల్లో ఇంటికి చేర్చారు. దానికి విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కలవాల్సి వచ్చింది. అంత పెద్ద పనికి మంత్రి స్థాయిలో అడగడం కావాలి. ఒక్క మనిషి సమస్యకు లేబర్ విభాగం అధికారి స్థాయిలో అడగడం సరిపోతుంది, కాగితాలు ఉంటే.

కాగితాలు ఇక్కడే మొదలవుతాయి. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు అనుమతి తప్పనిసరి) అని ఉంటుంది. అలాంటివాళ్లు కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదై, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షల బీమా ఉంటుంది. ఈ దారిన వెళ్లిన మనిషి కాంట్రాక్టు, కఫీల్ వివరాలు, ఏజెంటు లైసెన్సు నంబరు మన రికార్డులో ఉంటాయి. రేపు తగాదా వస్తే ఎంబసీ ఆ కాంట్రాక్టు పట్టుకుని కఫీల్‌ను పిలిపిస్తుంది, ఇక్కడ ఏజెంటు డిపాజిట్ మీద చేయి వేయొచ్చు.

చెడేది కూడా ఇక్కడే. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు. విజిట్ వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో పంపి, అక్కడి నుంచి కువైట్‌కు మారుస్తాడు. ఆ మనిషి కువైట్‌లో పనిచేస్తోందన్న సంగతి మన రికార్డులో ఎక్కడా ఉండదు. ఏ ఇంట్లో ఉందో, కఫీల్ పూర్తి పేరేమిటో ఇంటివాళ్లకూ తెలియదు. ‘ఫోను ఎత్తడం లేదు, వెతికిపెట్టండి’ అంటే ఎంబసీ ఎక్కడని వెతుకుతుంది? కువైట్‌లో ఏ ఇంటి తలుపూ తట్టే హక్కు ఎంబసీకి లేదు.

ఇంటిపనికి ఇచ్చేది 20వ నంబరు వీసా, మనవాళ్ల మాటలో ఖాదిమ్ వీసా. కంపెనీ పనికి 18వ నంబరు. ఖాదిమ్ వీసా మీద ఉన్నవాళ్లకు 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, కఫీల్ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు. చట్టంలో ఉన్నదీ ఇళ్లలో జరిగేదీ ఒకటి కాదు. అయినా ఫిర్యాదులో చట్టం పేరు ఉంటే అక్కడి గృహకార్మిక విభాగం దాన్ని తోసేయడం కష్టం.

మనిషి ఎంబసీకి చేరాక సాధారణంగా జరిగే వరస ఇది. ఫిర్యాదు రాసుకుంటారు. కఫీల్‌ను ఫోనులో పిలుస్తారు. ఆయన చాలాసార్లు ఏజెంటుకు కట్టిన డబ్బు తిరిగిస్తేనే పాస్‌పోర్టు ఇస్తానంటాడు. రాజీ కుదరకపోతే కేసు గృహకార్మిక విభాగానికి వెళ్తుంది. ఈలోగా కఫీల్ ‘పారిపోయింది’ అని కేసు పెట్టి ఉంటే అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రద్దవుతుంది. పాస్‌పోర్టు దొరక్కపోతే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అందరూ ఔట్‌పాస్ అనేది దీన్నే. ఇది ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది, దానితో ఇంకో దేశం వెళ్లలేరు. ఔట్‌పాస్ చేతికి రాగానే ప్రయాణమైపోతుందని ఇంటివాళ్లు చెన్నై ఎయిర్‌పోర్టుకు బండి మాట్లాడేసుకుంటారు. అది సగం పనే. కువైట్ వాళ్ల వేలిముద్రలు, పాత కేసులు, జరిమానాలు చూసి ఎగ్జిట్ ఇవ్వాలి. బ్యాంకు అప్పో, దొంగతనం ఆరోపణో ఉంటే ప్రయాణ నిషేధం ఉంటుంది, దాన్ని ఎత్తేయగలిగేది అక్కడి అధికారులే.

కఫీల్ దగ్గర నుంచి బయటికొచ్చి ఎంబసీకి రాకుండా బయట పనులు చేసుకునేవాళ్లను అక్కడ కల్లివెల్లి అంటారు. చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా అడిగే నాథుడుండడు. కువైట్ 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించి, జరిమానా లేకుండా వెళ్లిపోయే గడువు ఇచ్చింది. అలాంటి గడువు వచ్చినప్పుడు చివరి వారం దాకా ఆగకూడదు. క్యూలు పెరుగుతాయి, వేలిముద్రల దగ్గర పని ఆగిపోతుంది.

అరెస్టయితే 1963 ఒప్పందం 36వ అధికరణ పనికొస్తుంది. అరెస్టయిన విదేశీయుడికి తన కాన్సులేట్‌కు కబురు పెట్టించుకునే హక్కు ఉందని అక్కడి పోలీసులు చెప్పాలి. 2019 జులైలో, పాకిస్తాన్ జైల్లో ఉన్న భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ను తప్పుపట్టింది ఈ అధికరణ మీదే. కానీ కబురు వెళ్లేది అరెస్టయిన మనిషి కోరితేనే. భయంతో నోరు విప్పకపోతే ఎంబసీకి తెలిసే దారి ఉండకపోవచ్చు. తెలిశాక అధికారి జైలుకు వెళ్లి కలుస్తారు, లాయర్ల జాబితా ఇస్తారు, ఆరోగ్యం కనుక్కుంటారు. బెయిలు ఇప్పించలేరు, తీర్పు మార్చలేరు.

అన్నిటికంటే బాధ కలిగించేది మృతదేహం రాకపోవడం. ఆసుపత్రి లేదా పోలీసు రిపోర్టు, స్థానిక మరణ ధ్రువపత్రం, అకామా రద్దు, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ (దేహం పాడవకుండా మందు ఎక్కించిన) సర్టిఫికెట్, దగ్గరి బంధువు సమ్మతి పత్రం అన్నీ కలిస్తేనే కార్గోలో బుక్ అవుతుంది. అనుమానాస్పద మరణమైతే పోలీసు దర్యాప్తు తేలేదాకా ఎవరూ కదపలేరు. ఖర్చు కఫీల్ భరించాలి. ఆయన ముఖం చాటేస్తే, కుటుంబానికి స్తోమత లేకపోతే, 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి రాయబారి మంజూరు చేయొచ్చు. రాయబారి తన సంతకంతో చేసి పెట్టగల కొద్ది పనుల్లో ఇది ఒకటి. ఈ నిధి ఉందని తెలియక చందాలు పోగుచేసే కుటుంబాలున్నాయి. అడగాలి, రాతపూర్వకంగా అడగాలి. భార్య ఒకవైపు, అన్నదమ్ములు ఒకవైపు వేర్వేరు సమ్మతి పత్రాలు పంపితే మాత్రం ఎంబసీ ఆగిపోతుంది. బకాయి జీతం, పరిహారం రావాలన్నా ఇదే చిక్కు. వారసత్వ ధ్రువపత్రం తహసీల్దారు దగ్గర తీసుకుని, పవర్ ఆఫ్ అటార్నీ ఒక్కరి పేరు మీదే రాయాలి.

అర్జీ పెట్టేచోటు విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్. అందులో నమోదై, దేశం, మిషన్ ఎంచుకుని, సమస్య ఏ రకమో గుర్తించి రాస్తే ఒక నంబరు వస్తుంది. తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ నంబరే చెప్పాలి. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద వెళ్లిన ఉత్తరం కూడా చివరికి ఆ అధికారి బల్ల మీదికే వస్తుంది, అందులో నంబరు లేకపోతే ఇంకో కొత్త ఫైలవుతుంది. అర్జీలో పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నంబరు, కఫీల్ పేరు ఫోను నంబరు, ఇంటి ఏరియా బ్లాకు, వెళ్లిన తేదీ, ఏజెంటు వివరాలు, చివరిసారి మాట్లాడిన రోజు ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే, ఇంటిపేరు పొట్టి అక్షరం కాకుండా పూర్తిగా రాయాలి. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే రెండూ ఒకరివేనని ఇక్కడే అఫిడవిట్ చేయించి జతపరచాలి. మనిషి ప్రయాణమయ్యే ముందే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టుల ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకుంటే, ఈ వివరాలన్నీ గండం వచ్చిన రోజున వెతుక్కోనక్కర్లేదు.